తాళపత్ర గ్రంథముల పునరుద్ధరణము

పూర్వము తెలుగునాట పండితుల యిండ్లలోను, వైద్యుల యిండ్లలోను అటుకమీద ఒక గుడ్డమూట యుండెడిది. అందు తాటాకు పుస్తకము లుండెడివి. తాత చదివిన గ్రంథము తండ్రికి, తండ్రి చదివినది కుమారునకు సంక్రమించుచుండెను. అచ్చుపుస్తకములు వ్యాపించిన పిదప ఆ మూటను విప్పువారు కరవైరి. కొన్ని మూటలు చెదల పాలయ్యెను. కొన్నింటిని ఇంటివారే యేటిలో విడిచిరి. మిగిలినవి నేడును కొన్ని యిండ్లలో కలవు. అట్టి గ్రంథము దొరకినపుడు దానిని ఎట్లు బాగుచేయుదురో తెలిసికొనుట మేలు. తెలియక చేసిన మరమ్మతు చెదపురుగుకంటె నెక్కువ కీడు చేయును.

ఈ గ్రంథములకు రెండు విధములైన ఆకులు వాడుకలో నుండెను. తాటియాకు మందమైనది, కాలము గడచినకొలది పెళుసగును. శ్రీతాళపుటాకు పలుచనిది, మెత్తనిది. వంగినను త్వరగా విరుగదు. ఆకులను కోసి, నీట ఉడికించి, ఆరబెట్టి, నునుపుచేసి, సమానముగా కత్తిరించెడివారు. లేఖకుడు ఇనుపగంటముతో వాటిపై అక్షరములను గీచును. అది సిరావ్రాత కాదు. ఆకులో ఏర్పడిన సన్నని గాడి. అప్పుడే గీచిన యక్షరము కంటికి స్పష్టముగా కనబడదు. అందువలన దీపపుమసిని నూనెతోగాని, ఆకుపసరుతోగాని కలిపి ఆకుపై రాచి, గుడ్డతో తుడిచెడివారు. పైనున్న మసి పోవును. గాడిలోని మసి నిలుచును. పిదప ఆకులకు రంధ్రములు చేసి, త్రాడు గ్రుచ్చి, పైనను క్రిందను చెక్కపలకల నుంచి కట్టెడివారు.

చెమ్మ, పురుగు, ధూళి — ఈ మూడును తాళపత్రమునకు శత్రువులు. చెమ్మవలన ఆకునకు బూజు పట్టును; ఒక యాకు మరియొకదానికి అంటుకొనును. పురుగు కట్టకు అడ్డముగా తొలుచుకొని పోవును. కావున ఒక్క బెజ్జముచేతనే పది యాకులలో అక్షరములు నశించును. మనుష్యుని తొందర నాలుగవ శత్రువు.

మరమ్మతు చేయువాడు మొదట గ్రంథమును చక్కగా పరిశీలింపవలెను. ఆకుల అంకెలు వరుసగా నున్నవో లేవో చూచి, ఉన్నదున్నట్లు ఛాయాచిత్రములు తీయవలెను. పిదప మెత్తని కుంచెతో ధూళిని తొలగింపవలెను. సిరాతో పైపైన వ్రాసిన ఆకునకు తడి తగులరాదు. తగిలినచో వ్రాత చెరిగిపోవును. గంటముతో గీచినదైనచో నిపుణులు ఆల్కహాలులో తడిపిన దూదితో మురికిని మెల్లగా తీయుదురు. పెళుసుబారిన ఆకునకు నిమ్మగడ్డి నూనెను పలుచగా పూయుదురు. అది కొంత మెత్తదనము నిచ్చును. దాని వాసనకు పురుగులు దూరముగా నుండును. వెలిసిన అక్షరములకు మరల మసి పెట్టుదురు. అంటుకొనిన ఆకులను బలముతో లాగక, క్రమముగా చెమ్మ తగిలించి, ఓపికతో విడదీయుదురు. చినిగిన అంచులకు పలుచని జపాను కాగితమును అతుకుదురు. ప్లాస్టికు టేపును మాత్రము అంటింపరాదు. దానిని పెరికినపుడు ఆకుపొర కూడ ఊడివచ్చును.

పురుగు తిన్నచోట పోయిన యక్షరము నూహించి మరల గీయవచ్చునా? గీయరాదు. ఆ చోటు ఖాళీగానే యుండవలెను. ఊహ తప్పైనచో, తరువాతివారు దానినే కవి వ్రాతగా నమ్ముదురు. పోయినది పోయినట్లు కనబడినచో, దానిని వేరొక ప్రతిలో వెదకుదురు. క్రొత్తదానివలె మెరయజేయుట పునరుద్ధరణము కాదు. మిగిలినదానిని నిలుపుటయే పునరుద్ధరణము.

ఇట్లు ప్రతులను వెదకి, పోల్చి తెలుగు గ్రంథములను కాపాడినవారిలో చార్లెస్ ఫిలిప్ బ్రౌను (1798-1884) ముఖ్యుడు. ఆంగ్లేయోద్యోగియైన ఆయన కడపలోని తన బంగళాలో పండితులకును లేఖకులకును జీతము లిచ్చి, పలుతావులనుండి తాళపత్రములను తెప్పించి, శుద్ధప్రతులు వ్రాయించెను. 1829లో వేమన పద్యములను ఆంగ్లానువాదముతో అచ్చు వేయించెను. ఆయన సేకరించిన ప్రతులు పెక్కు నేడు చెన్నపట్టణమునందలి ప్రాచ్య లిఖిత పుస్తక భాండాగారమున నున్నవి. దేశమునందలి వ్రాతప్రతులను గుర్తించి కాపాడుటకై భారత ప్రభుత్వము 2003లో ఒక జాతీయ పథకమును ప్రారంభించెను.

ఇంట తాళపత్రముల మూట దొరకిన బాలబాలికలు దానికి నూనెగాని నీరుగాని తాకింపక, శుభ్రమైన నూలుగుడ్డలో చుట్టి, ఎండయు చెమ్మయు తగులని చోట నుంచి, పెద్దలచే నిపుణులకు చూపింపవలెను. నడుము నొచ్చునట్లు వంగి కష్టపడి వ్రాసితిననియు, దీనిని జాగ్రత్తగా కాపాడుమనియు చదువరిని వేడుకొనుచు గ్రంథమును ముగించుట పూర్వపు లేఖకులకు అలవాటు. ఆ వేడుకోలు ఆ మూట నెవరు విప్పుదురో వారికే చెందును.