చక్రాల కుర్చీ: గృహిణి యెఱుగవలసిన సంగతులు

కుట్టుమిషనుకు నెలకొకసారి నూనె చుక్క వేయుట, కుక్కరు రబ్బరు సాగినదా యని చూచుట, అరగిన రోటికి గంట్లు కొట్టించుట మన సోదరీమణులకు ఎవరును నేర్పనక్కఱలేదు. అయినను అదే యింటిలోని చక్రాల కుర్చీని మాత్రము “కుర్చీయే గదా” యని యుపేక్షింతుము. ఆ యుపేక్షవలన మా యింట కలిగిన కీడును, అందుండి మేము నేర్చినదియు సోదరీమణులకు నివేదించుటకై యీ వ్యాసము వ్రాయుచున్నారము.

మాది పలమనేరు. మొగిలి ఘాటు ఎక్కివచ్చినవారికి ఈ యూరి గాలి చల్లదనము తెలిసియే యుండును. ఇచ్చటి దారుల యెత్తుపల్లములు మాత్రము నడచువారికంటె చక్రములపై పోవువారికే బాగుగ తెలియును. మా అత్తగారికి పక్షవాతము వచ్చి ఎడమచేయి, ఎడమకాలు స్వాధీనము తప్పినవి. వైద్యుల సలహాపై చేతితో నడుపు చక్రాల కుర్చీ నొకదానిని తెప్పించితిమి. ఆమె కుడిచేతితో చక్రపు కమ్మీని త్రోయుచు, కుడికాలితో నేలను నెట్టుచు, కొలది దినములలోనే వసారానుండి వంటయింటివరకు తానై రాజొచ్చెను. పులుసులో ఉప్పు చాలలేదని చెప్పుటయు, పాలవాని లెక్క సరిచూచుటయు మరల నారంభమయ్యెను. మంచముమీద నున్నన్నాళ్లు రోగిగా నుండిన యామె, కుర్చీ యెక్కిన పిదప మరల ఇంటికి పెద్దయైనది.

ఒకనాటి ఉదయము ఆమె మంచమునుండి కుర్చీలోనికి మాఱబోయి నేలపై బడెను. కుర్చీ వెనుకకు జరిగిపోయెను. కుడి మణికట్టు ఎముక విఱిగెను. ఉన్న యొక్క మంచిచేయియు కట్టులోనికి పోయెను. “బ్రేకు వేయకుండా లేచినావా అత్తా?” యని మేమంటిమి. “వేసినాను గదమ్మా” యని యామె యనెను. మేము నమ్మలేదు. వయసు మీరినవారికి మఱపు సహజమని మాలో మేము చెప్పుకొంటిమి. ఆ తరువాత ఆమె ఉప్పు సంగతి గాని పాల లెక్క గాని యెత్తలేదు. అన్నము పెట్టినంత తిని ఊరకుండెడిది.

కట్టు విప్పిన పిమ్మట, కుర్చీ కిఱ్ఱుమనుచున్నదని సైకిలు బాగుచేయు నతనియొద్దకు తీసికొనిపోతిమి. అతడు మొదట బొటనవ్రేలితో చక్రమును నొక్కిచూచి, “బ్రేకు తప్పేమీ లేదమ్మా, ట్యూబులో గాలి లేదు. గాలి దిగితే టైరు లోపలికి పోతుంది, బ్రేకు దాన్ని అందుకోలేదు. పిడి వేసినట్టే కనపడుతుంది, బండి మాత్రం నిలవదు” అనెను. ఇంటికి వచ్చి ఆ మాట అత్తగారికి చెప్పితిమి. ఆమె కొంతసేపు పలుకక, “అయితే నాకు మతి పోలేదన్నమాట” అనెను. ఎముక రెండు నెలలలో అతికినది. ఆమె యింతకాలము తన మతినే తాను శంకించుకొనుచు గడిపినదని అప్పుడుగాని మాకు తెలియలేదు. పంపుతో నాలుగు ఊదులు ఊదియుండినచో ఈ దుఃఖము లేకపోయెడిది.

గాలియు, బ్రేకును

చక్రాల కుర్చీ బ్రేకు టైరును నొక్కిపట్టి చక్రమును నిలుపును. కావున టైరు గట్టిగా నున్నప్పుడే బ్రేకు పనిచేయును. బొటనవ్రేలితో నొక్కినప్పుడు టైరు అర సెంటీమీటరునకు మించి లోపలికి పోరాదు. పోయినచో గాలి కొట్టవలెను. గాలి లేని గట్టి రబ్బరు చక్రములున్న కుర్చీలో రబ్బరు అరగినకొలది బ్రేకు దూరమగును. అట్టిచో బ్రేకు మరను సడలించి, దగ్గరకు జరిపి, మరల బిగింపవలెను. రెండు బ్రేకులును వేసి కుర్చీని వెనుకనుండి త్రోసిచూచినచో నిజము తెలిసిపోవును. మఱియు, ఈ బ్రేకు నిలిచిన కుర్చీని కదలకుండ నుంచుటకే గాని, కదలుచున్న దానిని ఆపుటకు గాదు. ఒకచేయి స్వాధీనము లేనివారికి ఆ ప్రక్క బ్రేకు పిడికి చిన్న గొట్టము తొడిగి పొడవు చేయించినచో, మంచిచేతితోనే రెంటిని వేసికొనగలరు.

ఎక్కుట, దిగుట

పక్షవాతము వచ్చినవారికి కుర్చీని మంచిప్రక్కన, మంచమునకు కొంచెము ఏటవాలుగా నుంచవలెను. ముందరి చిన్నచక్రములు ముందువైపునకు తిరిగియుండునట్లు కుర్చీని కొంచెము వెనుకకు లాగి నిలిపినచో అది ముందుకు తూలదు. పిమ్మట రెండు బ్రేకులును వేసి, కాలిపలకలను పైకి మడిచి, ఆ తరువాతనే లేవవలెను. కాలిపలకపై నిలుచుట మిక్కిలి ప్రమాదము. కుర్చీ ముందుకు బోర్లపడును. సాయపడువారు స్వాధీనము లేని చేతిని పట్టి లాగరాదు. భుజము కీలు చెడును. నడుము దగ్గర పట్టు దొరకునట్లు సాయము చేయవలెను.

సంచులు, నీళ్లచెంబు మున్నగువానిని కుర్చీ వీపునకు వ్రేలాడదీయుట మనకు వాడుక. కూర్చున్నవారు తేలికైనవారైనను, దారి ఎత్తుగా నున్నను, ఆ బరువువలన కుర్చీ వెల్లకిల పడవచ్చును. చీర చెఱగును, దుప్పటి అంచును చక్రపు పుల్లలలో చిక్కుకొనకుండ ఒడిలోనికి దోపుకొనవలెను. స్పర్శ లేని తొడలపై వేడి కాఫీ గ్లాసు గాని గిన్నె గాని పెట్టరాదు. కాలినను వారికి తెలియదు.

గడపయు, వాలును

పసుపు కుంకుమలు పెట్టిన గడపను తీసివేయుమని మేము చెప్పము. గడపకు ఇరువైపుల చెక్కతో గాని సిమెంటుతో గాని వాలు కట్టించినచో చాలును. ఎత్తు ఒక అంగుళమైనచో వాలు ఒక అడుగు పొడవుండవలె ననునది గుర్తుంచుకొనదగిన లెక్క. నాలుగంగుళముల గడపకు నాలుగడుగుల వాలు కావలెను. అంతకు తగ్గినచో ఎక్కుట కష్టము, దిగుట అపాయము.

వాలు ఎక్కునప్పుడు కూర్చున్నవారు ముందుకు వంగవలెను. నిటారైన వాలు దిగునప్పుడు కుర్చీని వెనుకకు త్రిప్పి, త్రోయువారు దిగువ నుండి, మెల్లగా దింపవలెను. ముఖము ముందుగా దింపినచో మనిషి జారిపోవచ్చును. కుర్చీని మనిషితో గూడ మెట్లపైకి ఎత్తవలసివచ్చినచో చట్రమునే పట్టుకొనవలెను. ఊడివచ్చు చేతిపట్టీలను, కాలిపలకలను పట్టరాదు. అన్నిటికంటె ముఖ్యము, చెప్పకుండ త్రోయరాదు. “అత్తా, ఇప్పుడు తిప్పుతున్నాను” అను నొక్కమాట చాలును. మనలను ఎవరైన వెనుకనుండి హఠాత్తుగా నెట్టినచో మనకెట్లుండునో వారికిని అట్లే యుండును.

కూర్చున్నచోటి పుండ్లు

ఎల్లప్పుడు ఒకేచోట బరువు పడుటచే అచ్చటికి రక్తము సరిగా పాఱదు. చర్మము ఎఱ్ఱబాఱి, పిదప పుండగును. స్పర్శ లేనివారికి ఆ నొప్పియే తెలియదు గనుక, పుండు ఎముకవరకు పోయినను ఆశ్చర్యము లేదు. కావున అరగంట దాటకుండ ఒకసారి ముందుకును, ఇరుప్రక్కలకును వంగుచు బరువు మార్చుకొనవలెను. స్నానమునకు ముందో, రాత్రి పడుకొనునప్పుడో పిఱుదులు, మడమలు, నడుము క్రిందిభాగము వెలుతురులో చూడవలెను. బరువు తీసిన తరువాతను ఎఱుపు తగ్గనిచో, నూనెలు రుద్దుచు కాలము గడపక వైద్యునికి చూపవలెను. పాత బట్టల మెత్త త్వరగా అణగి రాయియగును. మంచి నురుగు మెత్తను వేసి, తడిసినచో వెంటనే మార్చవలెను. నొక్కినప్పుడు తిరిగి లేవని మెత్త పనికిమాలినదని యెఱుగునది. దానిపై తొడుగును ఎండవేయవచ్చును గాని, నురుగును నీడలోనే ఆరబెట్టవలెను.

వారము వారము, నెల నెల

వారమున కొకనాడు, తలంట్ల దినమువలె, కుర్చీకిని ఒక దినము నియమించుకొనుడు. తడిగుడ్డతో తుడిచి వెంటనే పొడిగుడ్డతో తడి తీయవలెను. ముందరి చిన్నచక్రముల ఇరుసులకు చుట్టుకొన్న వెండ్రుకలను, దారములను తీసివేయవలెను. మన యిండ్లలో కుర్చీ బరువెక్కుటకు ఇదియే తఱచు కారణము. గాలియు, బ్రేకును చూడవలెను.

నెల కొకసారి ఇరుసులకును, మడతపడు కీళ్లకును మిషను నూనె చుక్క వేసి, మిగిలినది తుడిచివేయవలెను. బ్రేకుకు గాని టైరుకు గాని నూనె తగులరాదు. సడలిన మరలను బిగించి, ప్రతి పుల్లను వ్రేళ్లతో పట్టిచూడవలెను. వదులైన పుల్లలను సైకిలు బాగుచేయువారు సరిచేయుదురు. కూర్చుండు గుడ్డ చిరిగినదా, చట్రమున బీట కలదా యని చూడవలెను. బీట వారిన చట్రముగల కుర్చీలో కూర్చుండబెట్టరాదు. మడుచునప్పుడు కూర్చుండు గుడ్డను నడుమ పట్టి పైకి లాగవలెను. విప్పునప్పుడు అరచేతులతో కమ్మీలను క్రిందికి నొక్కవలెను గాని వ్రేళ్లను చుట్టి పట్టినచో నలుగును. స్నానమునకు ఈ కుర్చీని వాడినచో త్రుప్పు పట్టును. దానికి వేఱు కుర్చీ యుంచుకొనుట మేలు.

కుర్చీ యుపకారము

మడుచుటకు వీలైన లోహపు చక్రాల కుర్చీని 1933లో అమెరికాలో హెర్బర్టు ఎవరెస్టు, హ్యారీ జెన్నింగ్సు అనువారు చేసిరి. వీరిలో ఎవరెస్టు గనిప్రమాదమున వెన్ను విఱిగినవాడు. మనకు దాపున రాయవేలూరి చరిత్ర యింకను గొప్పది. 1911లో చిత్తూరు జిల్లా యేర్పడకముందు పలమనేరును వేలూరును ఒకే ఉత్తరార్కాటు జిల్లాలోనివి. ఆ వేలూరి క్రైస్తవ వైద్య కళాశాలలోని డాక్టరు మేరీ వర్గీసు 1954లో కారు ప్రమాదమున వెన్ను దెబ్బతిని రెండుకాళ్ల స్వాధీనము కోల్పోయెను. అయినను చక్రాల కుర్చీలో కూర్చుండియే కుష్ఠురోగుల చేతులకు శస్త్రచికిత్సలు చేసెను. విదేశములలో పునరావాస వైద్యము నేర్చివచ్చి ఆమె నడిపిన శాఖకు 1966లో వేలూరిలో ప్రత్యేక సంస్థ యేర్పడెను. 1972లో ప్రభుత్వమువారు పద్మశ్రీ యిచ్చి గౌరవించిరి. ఆమె 1986లో కాలధర్మము నొందెను. కుర్చీ ఎక్కినంత మాత్రమున మనిషి పని ముగియదనుటకు ఆమె జీవితము సాక్ష్యము.

కొనుటకు శక్తి లేనివారు నిరాశ చెందనక్కఱలేదు. 1981లో ఆరంభమైన కేంద్రప్రభుత్వపు పథకము క్రింద అర్హులకు ఇట్టి యుపకరణములు లభించును. అందులకు సదరము ధ్రువపత్రమును, ఆదాయ ధ్రువపత్రమును సిద్ధముగా నుంచుకొనవలెను. తిరుపతిలో దేవస్థానమువారి బర్డ్ ఆసుపత్రి యును కలదు. ఎచ్చట తీసికొన్నను, కూర్చుండు వారి కొలతకు తగినదే తీసికొనుడు. వెడల్పు ఎక్కువైనచో ఒకప్రక్కకు ఒరుగుదురు, తక్కువైనచో ఒరుపు పుండ్లు పడును.

ఇప్పుడు మా యింట పంపు తలుపు వెనుక కొక్కెమునకు వ్రేలాడుచున్నది. ప్రతి ఉదయము కాఫీకి ముందు అత్తగారు మంచముమీదనుండియే చేయి చాచి, బొటనవ్రేలితో చక్రమును నొక్కిచూచుకొందురు. మెత్తగా నున్నచో మమ్ము పిలుతురు. మేము గాలి కొట్టుచుండగా, నిన్నటి పులుసులో ఉప్పు ఎక్కువైనదని చెప్పుదురు. ఆ మాట వినుట మాకిప్పుడు కడు సంతోషము.