ఇల్లు విడిచిన కుర్రవాడికి చేన్లో వాటా పోతుందా?

అనంతపురం: "చెప్పకుండా ఇల్లిడిసి పోయినోడికి చేనెందుకప్పా? వానికి వాటా లేదు, ఏమీ లేదు. అంతా పెద్దోనికే రాసిచ్చేస్తా!"

జిల్లాలోని ఒక గ్రామంలో రచ్చకట్ట మీద ఒక తండ్రి అన్న మాటలివి. చుట్టూ వున్న పెద్దలు అడ్డు చెప్పలేదు సరికదా, అది న్యాయమేనన్నట్టు తలలూపారు. ఆయన రెండో కొడుకు, పదిహేనేళ్ల వాడు, బెంగుళూరు నుంచి తిరిగివచ్చి అప్పటికి రెండు రోజులైంది. ఇంట్లోకి రానివ్వకపోవడంతో ఎదురింటి అరుగు మీద కూర్చుని వున్నాడు. తల్లి చాటుగా సంగటి తెచ్చి పెడుతున్నది.

కుర్రవాడి పేరు, ఊరి పేరు రాయడం లేదు. ఇలాంటి పిల్లలు ఎవరో తెలిసేలా పత్రికల్లో రాయరాదని చట్టం. పోల్చుకోగలవారు ఎటూ పోల్చుకుంటారు. వారైనా నోరు కట్టుకోవడం మంచిది.

జరిగింది మనకు తెలియని కథేమీ కాదు. పదవ తరగతి తప్పాడు. తండ్రి పలుపుతాడు తీశాడు. ఆ రాత్రే గుంతకల్లులో రైలెక్కాడు. సెనక్కాయ పండని ఏళ్లలో పెద్దలే మూటాముల్లే సర్దుకొని పోయే జిల్లా మనది. బెంగుళూరు దారి పిల్లలకు ఎవరూ చూపనక్కరలేదు. అక్కడొక హోటల్లో ప్లేట్లు కడిగే పని దొరికింది. పొద్దున ఆరింటి నుంచి రాత్రి పదకొండు దాకా పని. తిండి పెట్టారు, పడుకోవడానికి చోటిచ్చారు. జీతం అడిగితే "మీ నాయన వస్తే ఆయన చేతికే ఇస్తా" అన్నాడట యజమాని. ఏడు నెలల తరువాత బేల్దారి పనికి అటు వెళ్లిన ఊరాయన ఒకరు గుర్తుపట్టి వెంటబెట్టుకొని వచ్చారు.

ఆ ఏడు నెలల్లో తల్లిదండ్రులు ఒక్కసారైనా పోలీసు స్టేషన్ గడప తొక్కలేదు. పరువు పోతుందని ఒకటి, వెళితే పిల్లవాడి మీదే కేసు పెడతారేమోనని ఇంకొకటి. ఈ రెండో భయం చాలా ఊళ్లలో వుంది కాబట్టి ముందు దాని సంగతి చూద్దాం.

పద్దెనిమిదేళ్లు నిండని వారు ఇల్లు విడిచి వెళ్లడం మన దేశంలో నేరం కాదు. 2015 నాటి బాలల న్యాయ చట్టం అలాంటి పిల్లలను రక్షణ, సంరక్షణ అవసరమైన వారిగా చూస్తుంది తప్ప దోషులుగా కాదు. పోలీసులు వారిని లాకప్‌లో పెట్టకూడదు. రైల్వే స్టేషన్‌లో దొరికినా, బస్టాండులో దొరికినా, ప్రయాణ సమయం పోను 24 గంటల్లోగా జిల్లాలోని బాలల సంక్షేమ కమిటీ ముందు హాజరు పరచాలి. పోలీసులే తీసుకుపోవాలని లేదు. టీచరు కావచ్చు, నర్సు కావచ్చు, దారిన పోయే వారెవరైనా కావచ్చు. పిల్లవాడు తనంతట తానే నడిచి వెళ్లి "నేనిలా వచ్చాను" అని చెప్పుకోవచ్చు. తప్పిపోయినట్టు కనిపించే పిల్లవాడిని చేరదీసిన వారు ఆ సంగతి 24 గంటల్లోగా తెలియజేయకుండా ఊరుకుంటే, ఆ ఊరుకున్న వారికి ఆరు నెలల దాకా జైలు లేదా పదివేల రూపాయల జరిమానా, లేదా రెండూ పడవచ్చు.

ఫిర్యాదు సంగతీ అంతే. ఒక రోజు ఆగి రమ్మని స్టేషన్‌లో అనడానికి లేదు. పిల్లలు కనబడటం లేదని ఎవరు వచ్చి చెప్పినా వెంటనే ఎఫ్ఐఆర్ రాయాలని సుప్రీంకోర్టు 2013 మే నెలలో ఆదేశించింది. ఎత్తుకుపోయారనో, అమ్మేశారనో అనుమానించే దర్యాప్తు మొదలుపెట్టాలన్నది. నాలుగు నెలలైనా దొరకకపోతే మనుషుల అక్రమ రవాణాను అరికట్టే విభాగానికి కేసు అప్పగించాలి. మన కుర్రవాడి తల్లి మొదటి రోజే స్టేషన్‌కు వెళ్లివుంటే, దసరాకు ముందే ఇంట్లో వుండేవాడేమో!

ఇక చేను దగ్గరకు వద్దాం. రచ్చకట్ట మీద అందరూ తలలూపిన మాట అదే గదా.

ఆ కుటుంబానికి నాలుగున్నర ఎకరాలున్నాయి. మూడెకరాలు తాతల నాటి నుంచి పంపకం కాకుండా ఉమ్మడిగా వస్తున్న మెట్ట. ఎకరన్నర తండ్రి తన కష్టంతో కొన్నది. ఎకరన్నర ఆయన స్వార్జితం. ఎవరికి రాసిచ్చుకున్నా ఆయన ఇష్టం. కాని ఉమ్మడి భూమిలో హిందూ కుటుంబాల్లో కొడుక్కి పుట్టుకతోనే హక్కు వస్తుంది. ఆ ఇంట్లో ఆడపిల్లలు లేరు కనుక తండ్రీ ఇద్దరు కొడుకులూ పంచుకుంటే మనిషికో ఎకరం. చెప్పకుండా రైలెక్కినంత మాత్రాన ఆ ఎకరం పోదు. ఏడు నెలలు కాదు, ఏడేళ్లు ఊళ్లో లేకపోయినా పోదు. తండ్రి తన వాటాకు వీలునామా రాసుకోవచ్చు. చిన్న కొడుకు వాటాను పెద్ద కొడుక్కు రాసిచ్చే అధికారం మాత్రం లేదు. కుటుంబం అవసరాలకు, అప్పులకు ఇంటి పెద్దగా భూమి అమ్మడం వేరే సంగతి. ఫలానా భూమి ఉమ్మడిదా, స్వార్జితమా అన్నది పాత కాగితాలు చూసి వకీలు తేల్చవలసిందే. ఆడపిల్లలున్న ఇళ్లలో వారికీ ఇదే హక్కు: పెళ్లికాని కూతుళ్లకు మన రాష్ట్రం 1986లోనే ఇచ్చింది, 2005లో దేశమంతా కూతుళ్లకు వచ్చింది.

అవ్వో తాతో పిల్లవాడి పేరనే విడిగా భూమి రాసివుంటే కట్టుదిట్టం ఇంకా ఎక్కువ. జిల్లా కోర్టు అనుమతి లేనిదే తల్లిదండ్రులు దాన్ని అమ్మకూడదు. అమ్మితే, పద్దెనిమిది నిండిన తరువాత మూడేళ్లలోపు ఆ అమ్మకాన్ని రద్దు చేయమని కోర్టుకు వెళ్లే హక్కు వాడికుంది.

అలాగని పదిహేనేళ్లకే వాడు తన ఇష్టం వచ్చినట్టు బతకవచ్చునని కాదు. కొన్ని దేశాల్లో పదహారేళ్ల పిల్లలు కోర్టుకు వెళ్లి, తమను పెద్దవారిగా ప్రకటించమని అడగవచ్చు. మన దేశంలో ఆ పద్ధతి లేదు. పద్దెనిమిది నిండేదాకా మైనరే. మైనరు వేలిముద్ర వేసినా, సంతకం పెట్టినా ఒప్పందం చెల్లదు. ఇది మంచికే: అడ్వాన్సు కాగితం చూపించి పిల్లవాడిని పనిలో కట్టిపడేస్తానంటే కుదరదు. పోషించే బాధ్యత కూడా అప్పటిదాకా తల్లిదండ్రులదే. "వాడే పోయినాడు, నాకేం పని" అన్న మాట కోర్టులో నిలవదు.

హోటలు యజమాని తిండి పెట్టాడు గదా, పుణ్యాత్ముడేనన్నారు ఊళ్లో కొందరు. పద్నాలుగేళ్లలోపు పిల్లలను ఏ పనిలోనూ పెట్టుకోకూడదు. పద్నాలుగు దాటి పద్దెనిమిదిలోపు వారిని ప్రమాదం లేని పనుల్లో పెట్టుకోవచ్చు గాని, విశ్రాంతితో కలిపి రోజుకు ఆరు గంటలే. రాత్రి ఏడు నుంచి పొద్దున ఎనిమిది దాకా చేయించకూడదు. మన కుర్రవాడు పదిహేడు గంటలు చేశాడు. పిల్లవాడి సంపాదన అట్టే పెట్టుకున్న యజమానికి అయిదేళ్ల దాకా కఠిన శిక్ష, లక్ష రూపాయల జరిమానా వున్నాయి.

ఆడపిల్ల ఇల్లు విడిచిందంటే మన ఊళ్లలో మరో విధంగా మాట్లాడుకుంటారు. పెళ్లి తప్పించుకోవడానికి వెళ్లిన పిల్లలూ వున్నారన్నది మరువరాదు. పద్దెనిమిది నిండకుండా పెళ్లి ముంచుకొస్తున్న పిల్లను కూడా ఆ కమిటీ తన రక్షణలోకి తీసుకోవాలి. మేజిస్ట్రేటు ఆ పెళ్లి ఆపుతూ ఉత్తర్వు ఇవ్వవచ్చు. దాన్ని కాదని తాళి కట్టినా ఆ పెళ్లి చెల్లదు. అబ్బాయితో వెళ్లిన పిల్ల అయితే, ఆమె ఇష్టపడే వెళ్లినా, పద్దెనిమిదిలోపు ఇష్టాన్ని పోక్సో చట్టం లెక్కలోకి తీసుకోదు. ఆ అబ్బాయి జైలు పాలవుతాడు. ఈ సంగతి ఇద్దరికీ ముందే తెలియడం అవసరం.

అరుగు మీది కుర్రవాడి కథ ఏమైందంటే: మూడో రోజున బడి హెడ్మాస్టరు 1098కు ఫోను చేశారు. పిల్లల సహాయానికి పెట్టిన నంబరది, పైసా ఖర్చు లేదు. తల్లీ, మేనమామా కుర్రవాణ్ణి అనంతపురంలో కమిటీ ముందుకు తీసుకుపోయారు. ఒక అధ్యక్షులు, నలుగురు సభ్యులు వుంటారు. ఒకరైనా మహిళ వుండాలి. "ఎక్కడ వుంటావు?" అని వాడినే అడిగారు. ఊహ తెలిసిన పిల్లల ఇష్టం కూడా విని నిర్ణయించాలని చట్టంలోనే వుంది. ఇంటికి వెళితే మళ్లీ కొడతారని చెప్పాడు. పదిహేను రోజుల్లోగా ఇంటి పరిస్థితులు విచారించి నివేదిక ఇవ్వాలి, నాలుగు నెలల్లో తుది ఉత్తర్వు రావాలి. ప్రస్తుతానికి మేనమామకు అప్పగించారు.

భూమి సంగతి చెప్పినది కోర్టు ఆవరణలోని న్యాయసేవా సంస్థ వకీలు. ఆడవారికీ పిల్లలకూ, ఆదాయం ఎంతున్నా, అక్కడ ఉచితంగా వకీలును ఇస్తారు. ఫోను నంబరు 15100. తల్లి వెళ్లి అడిగి వచ్చి, ఆ మాట ఇంట్లో చెప్పింది. తండ్రి రాసిచ్చే ఊసు మళ్లీ ఎత్తలేదు. కొడుకుతోనూ ఇంకా మాట్లాడటం లేదు.

కుర్రవాడి పదవ తరగతి పరీక్ష ఫీజు మేనమామ కట్టాడు. హోటలు నుంచి ఏడు నెలల జీతం ఇంకా రావలసి వుంది.