ఊడ్పుల రోజులలో మెడనొప్పి

ప్రకాశం బ్యారేజి నుండి కాలువలకు నీరు వదలగానే కృష్ణా డెల్టాలో ఆకుమళ్ళు, దమ్ములు, ఊడ్పులు ఒకదాని వెంట ఒకటి వచ్చును. ఆ రోజులలో సాయంకాలమునకు “మెడ పట్టినది” అను మాట వినబడని ఇల్లు అరుదు. ఎద్దు మెడపై కాడి పుండు పడినచో అది మానువరకు అరక కట్టని రైతులు మనవారు. తమ మెడ సంగతి మాత్రము పంట ఇంటికి వచ్చిన తరువాత చూతమనుకొందురు.

మనిషి తల బరువు సుమారు 5 కిలోలు. దానిని మెడలోని 7 ఎముకలు మోయును. నిటారుగా నిలిచినపుడు కండరములకు శ్రమ తక్కువ. నడుము వంచి నాట్లు వేయునపుడు తల ముందుకు వ్రేలాడును. మెడ వెనుక కండరములు దానిని గంటల తరబడి పట్టి యుంచవలసి వచ్చును. బిగిసియున్న కండరమునకు రక్తప్రసారము తగ్గును. అందువలన నొప్పి, నొప్పివలన మరింత బిగింపు. పురుగుమందు కొట్టువారి బాధ వేరు. 20 లీటర్ల డబ్బా నిండినచో నీటి బరువే 20 కిలోలు. దాని పట్టీలు నొక్కునది మెడనుండి భుజమునకు దిగు ట్రపీజియస్ కండరము మీదనే. ఇక బస్తాల సంగతి. యూరియా బస్తా 2018లో 50 కిలోలనుండి 45 కిలోలకు తగ్గినది. ధాన్యమునకు మన వైపు లెక్క 75 కిలోల బస్తా. ఒక మనిషి మోయు బరువు 55 కిలోలు మించరాదని అంతర్జాతీయ కార్మిక సంస్థ 1967లోనే సిఫారసు చేసినది. నిండు బస్తాను ఒక్కరి మెడపై కెత్తుటకంటె ఇద్దరు పట్టుట మేలు.

పని ముగిసిన పిమ్మట గోరువెచ్చని నీట పిండిన తువాలుతో పది నిమిషములు కాపడము పెట్టి, తరువాత కండరములను సాగదీయవలెను. దెబ్బ తగిలి వాచిన చోట మొదటి రెండు రోజులు కాపడము తగదు.

బల్లపై నిటారుగా కూర్చుండి కుడిచేతితో బల్ల అంచు పట్టుకొనవలెను. ఇట్లు చేసినచో కుడి భుజము పైకి లేవదు. ఎడమ చెవిని ఎడమ భుజము వైపు వాల్చి, ఎడమ చేతిని తలపై ఉంచవలెను. లాగవద్దు, చేతి బరువే చాలును. కుడి ప్రక్క సాగినట్లు తెలియవలెను గాని నొప్పి పుట్టరాదు. ఊపిరి బిగబట్టక మనసులో ముప్పది లెక్కించి వదలవలెను. ప్రక్కకు మూడుసార్లు. ముఖమును సగము ఎడమకు త్రిప్పి, చంకలోనికి చూచునట్లు గడ్డము దించి ఇదే చేసినచో మెడనుండి రెక్క ఎముకకు దిగు కండరము సాగును. నొప్పి ఎక్కువగా నుండునది సాధారణముగా అక్కడనే.

పొలములో చేయదగినది మరియొకటి కలదు. గట్టుపై నిలిచి, చూపు ఎదుటనే ఉంచి, గడ్డమును తిన్నగా వెనుకకు జరిపి ఐదు లెక్కించవలెను. ఇట్లు పదిసార్లు. నారు కట్టలకై లేచినపుడెల్ల రెండు మూడు మార్లు చేసినను మంచిదే. ఊడ్పులు ముగిసినను తలవంచి సెల్‌ఫోను చూచువారికి కూడ ఇది పనికివచ్చును.

మెడను బొంగరమువలె త్రిప్పుట, కుదుపుట కూడదు. క్షౌరశాలలో తలపట్టి ఒక్కసారిగా మెలిపెట్టి టక్కుమనిపించుకొనుట కొందరికి వేడుక. మెడ ఎముకల గుండా మెదడునకు పోవు రక్తనాళములు రెండు కలవు. అరుదుగానైనను ఆ మెలికకు నాళము చీరి పక్షవాతము వచ్చిన సందర్భములు వైద్యులకు తెలియును.

చేయి తిమ్మిరెక్కుట, పిడికిట పట్టు తగ్గుట, నడకలో తూలుట కనిపించినచో సాగదీయుట మాని ప్రాథమిక ఆరోగ్య కేంద్రమునకు గాని, విజయవాడ ప్రభుత్వ సర్వజన ఆస్పత్రికి గాని పోవలెను. జ్వరముతో మెడ కొయ్యబారినను, ఛాతీనొప్పి మెడకు, చేతికి ప్రాకినను గడియ ఆలస్యము చేయరాదు. చెట్టునుండి గాని ట్రాక్టరునుండి గాని పడినవానిని మోటారు సైకిలుపై ఇద్దరి మధ్య కూర్చుండబెట్టి తీసికొనిపోరాదు. మెడ కదలకుండ పరుండబెట్టి 108కి ఫోను చేయవలెను.