తెగిన పోగు తెలిసిన మగ్గం

సూరత్‌కు బదిలీ మీద వచ్చాక లింబాయత్‌లో మన తెలుగు నేతన్నల పవర్‌లూమ్ షెడ్లు చూశాను. ఆ చప్పుడులో పక్కవాడి మాట వినపడదు. అయినా ఒక్కడే మనిషి అన్ని మగ్గాలనూ తాపీగా చూసుకుంటాడు. పేక పోగు తెగితే మగ్గం దానంతట అదే ఆగిపోవడమే కారణం. పోగు ఉందో లేదో తడిమి చూసే చిన్న ఫోర్కు అందులో ఉంటుంది. ఆగిన మగ్గం దగ్గరికి వెళ్తే అతనికి చాలు.

బ్యాంకు కంప్యూటర్లకూ ఇలాంటిదే కావాలి. ఒక్క యూపీఐ చెల్లింపు రెండు బ్యాంకుల సర్వర్లనూ, మధ్యలో ఎన్‌పీసీఐనీ దాటాలి. ఎక్కడ ఆగినా అర్ధరాత్రి ఫోను ఎవరింట్లో మోగుతుందో ఐటీ విభాగంవారి కుటుంబాలకు బాగా తెలుసు! ఈ చిక్కుదనానికి ఎంతమంది నిపుణులున్నా చాలరని ఐబీఎం పరిశోధన విభాగాధిపతి పాల్ హార్న్ 2001లోనే హెచ్చరించారు. మనం తలచుకోకుండానే గుండె కొట్టుకున్నట్టు, కంప్యూటర్లూ తమను తామే నడుపుకోవాలన్నారు. దానికి పెట్టిన పేరు అటానమిక్ కంప్యూటింగ్. తనను తాను అమర్చుకోవడం, బాగుచేసుకోవడం, పనితీరు మెరుగుపరచుకోవడం, కాపాడుకోవడం అందులోని నాలుగు పనులు.

డిస్కు నిండుతుంటే పాత లాగ్ ఫైళ్ళను వేరేచోటికి తరలించడం సులువే. సర్వర్ పలకకపోతే పని ఇంకోదానికి మళ్ళించడమే చిక్కు. అది చచ్చిపోలేదు, నెమ్మదించిందంతే అనుకోండి. దాని బరువు మీదపడి మిగతావీ ఒకదాని వెంట ఒకటి కూలవచ్చు. అందుకే ఎన్నిసార్లు మళ్ళించాలి, ఎప్పుడు ఆగాలి అన్న హద్దు ముందే రాసిపెట్టాలి.

డబ్బు దగ్గర ఇంకా జాగ్రత్త కావాలి. ఖాతాలో సొమ్ము తగ్గింది, అవతల జమ అయినట్టు జవాబు రాలేదు. సిస్టమ్ సొంతంగా మళ్ళీ పంపితే రెండుసార్లు పోవచ్చు. అందుకే ప్రతి లావాదేవీకీ ఒక నంబరు ఇస్తారు. అదే నంబరుతో రెండోసారి వస్తే అవతలి సిస్టమ్ తిరస్కరించాలి. ఆ భరోసా లేనిచోట యంత్రం మగ్గంలాగా ఆగి మనిషిని పిలవడమే మేలని నా అభిప్రాయం.

రిజర్వు బ్యాంకు 2019 సెప్టెంబరు నిబంధన కూడా ఇక్కడే పనికొస్తుంది. యూపీఐ బదిలీలో సొమ్ము తగ్గి అవతల జమ కాకపోతే, మర్నాటికల్లా దానంతట అదే వెనక్కి రావాలి. ఆలస్యమైతే రోజుకు 100 రూపాయల పరిహారం, ఖాతాదారు ఫిర్యాదు చేయకపోయినా, బ్యాంకే జమ చేయాలి.