పదిహేనేళ్లకే సెలక్షన్.. అదే ఫైనల్ కాదు బాస్!

మన ఇళ్లలో ఎంసెట్ ర్యాంకు ఎలాగో, ఆస్ట్రేలియాలోని వెస్టర్న్ సిడ్నీలో చాలా ఇళ్లకి రగ్బీ లీగ్ సెలక్షన్ లిస్టు అలాగ. పేరుంటే పండగే. లేకపోతే పిల్లాడి మొహం చూడలేం. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం కోసం ఇక్కడికొచ్చిన నేను, ఆఫీసులో తోటివాళ్ల కబుర్లలో ఈ టెన్షన్‌ని దగ్గర్నుంచి చూస్తున్నా.

ముందు ఆట సంగతి. ఒలింపిక్స్‌లో చూసే రగ్బీ వేరు, ఇది వేరు. జట్టుకి 13 మంది. బంతిని చేత్తో ముందుకి విసరకూడదు. అవతలివాళ్లు ఆరుసార్లు పట్టి ఆపేలోపు గీత దాటి బంతిని నేలకి ఆనించాలి. లేదంటే బంతి వాళ్లకి ఇచ్చేయాల్సిందే. కబడ్డీ తెలిసినవాళ్లకి ఇట్టే ఎక్కేస్తుంది.

మెట్టు తర్వాత మెట్టు

న్యూ సౌత్ వేల్స్ రాష్ట్రంలో పెన్రిత్, పారమట్టా లాంటి పెద్ద క్లబ్బులకి వయసుల వారీగా జట్లుంటాయి. అబ్బాయిలకి అండర్-17లో హెరాల్డ్ మాథ్యూస్ కప్, అండర్-19లో ఎస్‌జీ బాల్ కప్. అమ్మాయిలకి అండర్-19లో టార్షా గేల్ కప్. అబ్బాయిల్లో ఆ పైన అండర్-21 జెర్సీ ఫ్లెగ్ కూడా ఉంది.

ఆ మొదటి కప్పు జట్టులోకి రావడానికి ముందు మెట్టే డెవలప్‌మెంట్ స్క్వాడ్. చిన్న చిన్న లోకల్ క్లబ్బుల్లో ఆడే పిల్లల్లోంచి కొందర్ని ఏరి, నెలల తరబడి తయారుచేస్తారు. ఇక్కడ డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా మండే ఎండాకాలం. అందరూ బీచ్‌కి పోతుంటే వీళ్లు గ్రౌండ్‌లో చెమటోడుస్తుంటారు.

అక్కడ నేర్పేది పరుగొక్కటే కాదు. ట్యాకిల్ చేసేటప్పుడు తల ఎటువైపు పెట్టాలి, పడ్డాక చకచకా లేచి బంతిని కాలితో వెనక్కి ఎలా తొయ్యాలి, రెండు వైపులా పాస్ ఎలా ఇవ్వాలి.. ఇవన్నీ. తల తప్పు వైపు పెడితే దెబ్బ మెడకీ మెదడుకీ తగులుతుంది మరి!

అసలు చిక్కు ఇక్కడే

పదిహేనేళ్ల పిల్లలందరి ఒళ్లూ ఒకేలా ఎదగదు. ఒకడికి మీసాలు వచ్చేస్తాయి, పక్కవాడి గొంతు ఇంకా మారదు. పైగా ఏజ్ గ్రూపు పుట్టిన సంవత్సరాన్ని బట్టి. జనవరిలో పుట్టినవాడికి, డిసెంబరులో పుట్టినవాడికి దాదాపు ఏడాది తేడా ఉన్నా ఇద్దరూ ఒకే గ్రూపు! ఒంటి బలంతో నెట్టుకెళ్లేవాడే ముందు కళ్లలో పడతాడు. చాలా ఆటల్లో పరిశోధకులు గమనించిన విషయమే ఇది.

మా భాషలో చెప్పాలంటే, బీటా వెర్షన్ చూసి యాప్‌కి ఫైనల్ రేటింగ్ ఇచ్చేసినట్టు.

జొనాథన్ థర్స్టన్‌నే చూడండి. కుర్రాడిగా ఉన్నప్పుడు బక్కగా ఉన్నాడని క్లబ్బులు పక్కన పెట్టాయి. అతనే తర్వాత లీగ్‌లో ఉత్తమ ఆటగాడికిచ్చే డాలీ ఎం మెడల్‌ని నాలుగుసార్లు గెలిచాడు. 2015లో నార్త్ క్వీన్స్‌ల్యాండ్ కౌబాయ్స్‌కి మొదటి టైటిల్ తెచ్చిన కెప్టెన్లలో ఒకడు.

అలాగని స్క్వాడ్‌లు దండగనుకోవద్దు. 2021 నుంచి 2024 వరకు వరసగా నాలుగు టైటిళ్లు కొట్టిన పెన్రిత్‌నే తీసుకోండి. జెరోమ్ లువాయ్, బ్రయాన్ టోఓ లాంటివాళ్లు ఆ క్లబ్బు జూనియర్ జట్లలోంచి ఎదిగినవాళ్లే. ఓపిగ్గా పెంచితే ఫలితం అలా ఉంటుంది.

పేరు రాకపోతే?

కోచ్‌ని సూటిగా అడగండి, ‘నేనేం మెరుగుపరచుకోవాలి?’ అని. లోకల్ క్లబ్బులో ఆడటం ఆపొద్దు. త్వరగా కండలు రావాలని పౌడర్ల వెంట పడొద్దు. ఎదిగే వయసులో మోకాలో మడమో రోజుల తరబడి నొప్పెడుతుంటే పంటి బిగువున ఆడకుండా డాక్టరుకి చూపించండి.

హైదరాబాద్‌లో క్రికెట్ సెలక్షన్స్‌కి తిరిగే తమ్ముళ్లకీ, ఊళ్లో కబడ్డీ ఆడే చెల్లెళ్లకీ ఇదే వర్తిస్తుంది. లిస్టు చెప్పేది ఈ ఏడాది సంగతి మాత్రమే. వచ్చే ఏడాదికి మీ ఎత్తెంతో, ఆటెంతో దానికేం తెలుసు?