వార్తల్లో పదం: ఓవర్‌టూరిజం

ఒక ఊరు మోయగలిగిన దానికన్నా ఎక్కువమంది పర్యాటకులు వచ్చిపడటంతో స్థానికుల జీవనం, ప్రకృతి, కట్టడాలు దెబ్బతినే స్థితిని ఓవర్‌టూరిజం అంటారు. చౌక విమాన టికెట్లు, వీసా సడలింపులు, భారీ విహార నౌకలు, ఇళ్లను రోజువారీ అద్దెకిచ్చే యాప్‌లు దీనికి ప్రధాన కారణాలు.

ఇటలీలోని వెనిస్ ఇందుకు బాగా తెలిసిన ఉదాహరణ. 1950ల తొలినాళ్లలో పాత నగర జనాభా సుమారు 1,75,000. ఇప్పుడు 50,000 కూడా లేదు. ఇళ్లు పర్యాటకుల బసలుగా మారి అద్దెలు పెరిగాయి. కూరగాయలు, రొట్టెలు అమ్మిన వీధుల్లో మాస్కులు, గాజు బొమ్మల దుకాణాలు వెలిశాయి. 2021 ఆగస్టు నుంచి పెద్ద నౌకలను జ్యుడెక్కా కాలువలోకి రానివ్వడం లేదు. 2024 ఏప్రిల్ 25 నుంచి, రద్దీ రోజుల్లో వచ్చి రాత్రి బస చేయకుండా వెళ్లేవారి దగ్గర రుసుము వసూలు చేస్తున్నారు. మొదట అది 5 యూరోలు.

అలాగని పర్యాటకాన్ని ఆపేయడమూ పరిష్కారం కాదు. కొవిడ్ కారణంగా 2020లో అంతర్జాతీయ పర్యటనలు 70 శాతానికి పైగా పడిపోయాయి. గైడ్లు, డ్రైవర్లు, హోటల్ సిబ్బంది ఉపాధి కోల్పోయారు.

అందుకే పలు దేశాలు పరిమితుల బాట పట్టాయి. థాయ్‌లాండ్ 2018లో మాయా బే తీరాన్ని మూసేసి, పగడపు దిబ్బలు కొంత కోలుకున్నాక 2022లో సందర్శకుల సంఖ్యపై పరిమితితో తెరిచింది. భూటాన్ విదేశీ సందర్శకుల నుంచి రాత్రికి 100 డాలర్ల చొప్పున సుస్థిర అభివృద్ధి రుసుము తీసుకుంటోంది. భారతీయులకు ఇది 1,200 రూపాయలు. సందర్శకుల సంఖ్యకు హద్దు ఉండి, ఆదాయం స్థానికులకు చేరినచోటే పర్యాటకం నష్టాలకన్నా లాభాలు ఎక్కువ తెస్తుంది.