హైదరాబాదు సంస్థానపు పాత ఛాయాచిత్రాలు

19వ శతాబ్దపు చివరి భాగంలోను, 20వ శతాబ్దపు తొలి భాగంలోను హైదరాబాదు సంస్థానంలోని పట్టణాలు, కోటలు, రాజభవనాలను చూపే ఛాయాచిత్రాలు ఆ ప్రాంత చరిత్రకు ముఖ్యమైన ఆధారాలు. వీటిలో ప్రసిద్ధి చెందినవి రాజా లాలా దీన్ దయాళ్ (1844 - 1905) తీసినవి. తరువాతి కాలంలో వరదలకు, కూల్చివేతలకు గురైన అనేక కట్టడాల పూర్వరూపం వీటిలో కనిపిస్తుంది. అయితే రాజధానికి దక్కిన చోటు చిన్న పట్టణాలకు దక్కలేదు.

దీన్ దయాళ్

దీన్ దయాళ్ మీరట్ సమీపంలోని సర్ధనాలో జన్మించాడు. రూర్కీలోని థామసన్ ఇంజనీరింగు కళాశాలలో చదివి, 1866లో ఇండోరులో ప్రభుత్వోద్యోగంలో చేరాడు. 1870వ దశకంలో ఛాయాచిత్రకళను చేపట్టాడు. 1886లో సికింద్రాబాదులో స్టూడియో నెలకొల్పాడు. ఆరవ నిజాము మహబూబ్ అలీ ఖాన్ ఇతనిని ఆస్థాన ఛాయాచిత్రకారునిగా నియమించి, "రాజా బహదూర్ ముసవ్విర్ జంగ్" అను బిరుదునిచ్చాడు. "ముసవ్విర్" అనగా చిత్రకారుడు.

చిత్రీకరణ విధానం

ఆ కాలంలో చిత్రాన్ని గాజు పలకపై తీసి, కోడిగుడ్డు తెల్లసొన పూసిన కాగితంపై ముద్రించేవారు. తొలినాటి పలకలకు వెలుతురు ఎక్కువసేపు సోకవలసి ఉండేది. అందువలన కదలని కట్టడాలు స్పష్టంగా పడగా, నడిచే మనుషులు మసకగా పడేవారు లేదా అసలే కనిపించేవారు కాదు. కాబట్టి చాలా పాత చిత్రంలో వీధి నిర్మానుష్యంగా ఉన్నంత మాత్రాన అక్కడ జనసంచారం లేదని భావించరాదు.

కాలనిర్ణయం

తేదీ లేని చిత్రాల కాలాన్ని వాటిలోని కట్టడాలను బట్టి అంచనా వేయవచ్చు. చార్మినారుకు గడియారాలను 1889లో అమర్చారు. గడియారం కనిపించే చిత్రం అంతకుముందుది కాజాలదు. 1908 సెప్టెంబరు 28న వచ్చిన మూసీ వరదలో వంతెనలు, వేలాది ఇళ్ళు ధ్వంసమైనవి. నదీతీరంలో హైకోర్టు భవనం 1920లో ప్రారంభమైనది. ఆ భవనం ఉండవలసిన చోట ఖాళీ కనిపిస్తే, ఆ చిత్రం దాని నిర్మాణానికి ముందుదని తెలుస్తుంది. అస్మాన్ జా నిర్మించిన బషీర్ బాగ్ రాజభవనం నేడు లేదు. పేటకు ఆ పేరు మాత్రం మిగిలినది.

పోషకులు, పరిమితులు

ఏ చిత్రం తీయాలో సాధారణంగా ఖర్చు భరించేవారే నిర్ణయించేవారు. స్కాట్లండులో జార్జి వాషింగ్టన్ విల్సన్, జేమ్స్ వాలెంటైన్ సంస్థలు పర్యాటకులకు అమ్ముట కొరకు చిత్రాలు తీసినవి. అందువలన అక్కడి చిన్న పట్టణాల వీధులు కూడా చిత్రాలకెక్కినవి. హైదరాబాదులో ప్రధాన పోషకులు నిజాము, అమీరులు, బ్రిటిషు అధికారులు. అందుచేత రాజభవనాలు, వేటలు, సైనిక కవాతులు, ప్రముఖ కట్టడాలు ఎక్కువగా చిత్రితమైనవి.

బీదరు, నారాయణఖేడ్

నారాయణఖేడ్ తాలూకా 1956 వరకు బీదరు జిల్లాలో ఉండేది. రాష్ట్రాల పునర్విభజనలో బీదరు నాటి మైసూరు రాష్ట్రంలోను, నారాయణఖేడ్ ఆంధ్ర ప్రదేశ్ లోని మెదక్ జిల్లాలోను చేరినవి. 2016 నుండి నారాయణఖేడ్ సంగారెడ్డి జిల్లాలో ఉన్నది. ఈ ప్రాంతపు పూర్వ జిల్లా కేంద్రమైన బీదరు కట్టడాల చిత్రాలు, సంస్థాన పురావస్తు శాఖకు సంచాలకునిగా పనిచేసిన గులాం యాజ్దానీ 1947లో ప్రచురించిన గ్రంథంలో ఉన్నాయి. మహమూద్ గవాన్ మదరసా, కోటలోని రంగీన్ మహల్ వీటిలో ముఖ్యమైనవి.

తాలూకా కేంద్రాల వంటి చిన్న ఊళ్ళ విషయంలో కుటుంబాల ఆల్బములు, పాఠశాలల సామూహిక చిత్రాలు ఈ లోటును కొంత తీర్చగలవు. చిత్రం వెనుక ఊరు, సంవత్సరం, వ్యక్తుల పేర్లు వ్రాసి ఉంటే అది చరిత్రకు ఆధారమవుతుంది. వ్రాయకపోతే గుర్తించగల పెద్దలు గతించిన తరువాత దాని వివరం తెలియకుండా పోతుంది.

భద్రపరచిన చోట్లు

దీన్ దయాళ్ స్టూడియోకు చెందిన 2,857 గాజు పలకలను ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రం 1989లో సేకరించినది. 1892 నాటి నిజాము రాజ్య దృశ్యాల ఆల్బము లండనులోని బ్రిటిషు లైబ్రరీలో ఉన్నది. 2006లో భారత తపాలా శాఖ దీన్ దయాళ్ స్మారక తపాలా బిళ్ళను విడుదల చేసినది.